నిల్వ డబ్బు, నిల్వ రోజులు: గుంటూరు శివారులో ఒక ఇంటి పని డైరీ

స్థలం 200 గజాలు, 30 అడుగులు × 60 అడుగులు, నల్లరేగడి నేల. జీ ప్లస్ 1, అంతస్తుకు 1,150 చదరపు అడుగులు. అంచనా 48 లక్షలు, గడువు 34 వారాలు. లేబర్ కాంట్రాక్టు మేస్త్రీది, మెటీరియల్ ఇంటివాళ్ళది, పని నడిపించే బాధ్యత మాది. సంక్రాంతికి ఊళ్ళకు వెళ్ళిన తాపీ మేస్త్రీలు తిరిగొచ్చే వారం చూసుకుని 2025 జనవరి 20న మొదలు. గృహప్రవేశం కార్తీకంలో అనుకున్నారు. అంటే అక్టోబర్ రెండో వారం దాటితే జరపడానికి చోటు లేదు.

పనికి ముందు (జనవరి 6–19)

అంచనా కాగితం అడుగున ‘ఇతర ఖర్చులు 5 శాతం’ అని రాసి వదిలేయడం అన్నిచోట్లా ఉన్న అలవాటే. ఆ 5 శాతం ఎలా వచ్చిందో ఎవరూ చెప్పలేరు, ఎప్పుడు అయిపోయిందో కూడా చెప్పలేరు. ఇక్కడ అలా కాకుండా, ఏది చెడిపోవచ్చో ఒక్కొక్కటే రాసి, పదింట ఎన్నిసార్లు జరుగుతుందో, జరిగితే ఎంత పోతుందో పక్కన వేశాం. వంతులు పరిశోధన చేసి తేల్చినవి కావు. ఈ నేలలో కట్టుబడులు చూసిన మేస్త్రీ, ఇంజనీరు, మెటీరియల్ సప్లయర్ ముగ్గురినీ విడివిడిగా అడిగి, మధ్యస్థంగా తీసుకున్నవి.

గోతుల్లో నేల మెత్తగా తగలడం: పదింట 3, లక్ష రూపాయలు, 6 రోజులు. ఇసుక ఆగడం: పదింట 5, 60 వేలు, 10 రోజులు. వాన: పదింట 6, 40 వేలు, 8 రోజులు. కూలీలు పండగకో, నాట్లకో వెళ్ళిపోవడం: పదింట 7, 30 వేలు, 10 రోజులు. ఉక్కు, సిమెంటు ధర పెరగడం: పదింట 4, లక్షన్నర, రోజులేమీ పోవు. ఇంటివాళ్ళు మధ్యలో మార్పులు కోరడం: పదింట 8, లక్షన్నర, 12 రోజులు.

ఒక్కోదాన్నీ వంతుతో గుణిస్తే వరసగా 30 వేలు, 30 వేలు, 24 వేలు, 21 వేలు, 60 వేలు, లక్షా 20 వేలు. మొత్తం 2.85 లక్షలు. రోజులు కూడా అలాగే గుణిస్తే 28. డబ్బు 3 లక్షలకు సవరించి వేరే బ్యాంకు ఖాతాలో పెట్టించాం. రోజులు 34 వారాల చివర 4 వారాలుగా చేర్చాం. ఇకనుంచి ఈ డైరీలో ప్రతిసారీ రాసే ‘నిల్వ’ ఇదే.

ఈ ఆరింటిలో పెద్దది వాన కాదు, ఇసుక కాదు, మార్పులు. ఇల్లు కట్టించేవాళ్ళకు ఈ కాగితం చూపించేదాకా ఆ సంగతి నమ్మరు. చూపించాక పని సులువవుతుంది.

ఇసుకకు పదింట 5 ఎక్కువనిపించవచ్చు. 2019లో రాష్ట్రమంతటా ఇసుక దొరక్క కట్టుబడులు ఆగిన నెలలు మేస్త్రీలెవరూ మరచిపోలేదు. 2024 జూలై నుంచి ఉచిత ఇసుక విధానం ఉంది, నిజమే. కానీ అదే ఏడాది సెప్టెంబర్ మొదట్లో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. నది నిండుగా పారుతుంటే ఇసుక తవ్వే రీచ్‌లోకి ట్రాక్టరు దిగదు, విధానం ఏదైనా సరే. అందుకని ప్లాస్టరింగ్, టైల్స్ ఇసుకంతా జూన్ లోపలే సైటుకు చేరాలని ఇప్పుడే రాసుకున్నాం.

పనుల పట్టికతో పాటు ఇంకో పట్టిక తయారైంది. దానికి ‘తేల్చాల్సినవి’ అని పేరు. ఆలస్యం కనిపించే రోజు వేరు, పుట్టే రోజు వేరు. స్లాబు నాడు కరెంటు పైపులు వేయలేదని గొడవ పడతారు. ఫ్యాన్ ఎక్కడ రావాలో పది రోజుల ముందు తేలకపోవడం వల్లే ఆ గొడవ. కాబట్టి ప్రతి నిర్ణయానికీ ఆఖరి తేదీ వేశాం: ఫ్యాన్, లైటు పాయింట్లు స్లాబుకు 10 రోజుల ముందు, కిటికీల కొలతలు లింటెల్‌కు (కిటికీ మీది దూలానికి) ముందు, గోడలో దాగే ఫ్లష్ ట్యాంకు కావాలో వద్దో బాత్రూం గోడ ఎత్తకముందే, ఎందుకంటే నాలుగున్నర అంగుళాల గోడలో అది పట్టదు, టేకు గుమ్మాలు బిగించడానికి 6 వారాల ముందు, టైల్స్ పరచడానికి 4 వారాల ముందు. ప్రతి ఆదివారం సాయంత్రం ఇంటివాళ్ళతో కూర్చుని వచ్చే మూడు వారాల్లో తేలాల్సినవి మాత్రమే అడగాలి. అన్నీ ఒకేసారి అడిగితే ఏదీ తేలదు.

పంచాంగం కూడా ఇప్పుడే చూడాలి. జూన్‌లో గురు మూఢం, దాని వెంటే ఆషాఢం. సింహద్వారం నిలబెట్టే ముహూర్తం ఆ రోజుల్లో దొరకదు. కట్టుబడి ఆ గుమ్మం దగ్గర ఆగకూడదంటే మే లోపలే ముహూర్తం పెట్టించాలి. ఇంటివాళ్ళు మే మూడో వారం ఇచ్చారు. టేకు ఆర్డర్ అందుకు తగ్గట్టు ఏప్రిల్ మొదటి వారంలో వెళ్ళాలి.

లేబర్ చెల్లింపులు: పునాది, బేస్‌మెంట్‌కు 15 శాతం, మొదటి స్లాబుకు 20, రెండో స్లాబుకు 20, కట్టుబడికి 15, ప్లాస్టరింగ్‌కు 15, టైల్స్, ఫినిషింగ్‌కు 10. చివరి 5 శాతం ఆరు నెలలు నిలిపి ఉంచాలి. పని కంటే డబ్బు ముందు పోతే, మేస్త్రీ మనుషుల్ని ఇంకో సైటుకు పంపినా అడిగే పట్టు ఉండదు. అడ్వాన్స్ ఇవ్వాల్సి వస్తే తర్వాతి దశలో కోసుకోవడం, అదీ రాసి ఇవ్వడం.

నిల్వ: 3.00 లక్షలు, 28 రోజులు.

వారం 2 (జనవరి 27 – ఫిబ్రవరి 2)

15 కాలమ్‌లకు 15 గోతులు, ఒక్కోటి 6 × 6 అడుగులు, లోతు ఆరున్నర. రెండు చోట్ల బోరు వేసి నేల పరీక్ష చేయించాం. బోర్లు రెండూ గట్టినేలే చూపించాయి. కానీ ఈశాన్యం వైపు మూడు గోతుల్లో ఆరున్నర దగ్గర కూడా ఇటుకముక్కలు, బూడిద, పాత పూడిక తగిలింది. బోరు అన్నది రెండు బిందువుల దగ్గర నేల ఎలా ఉందో చెబుతుంది, అంతే. పాత దిబ్బ మధ్యలో ఉంటే దానికి దొరకదు. ఊళ్ళో పెద్దవాళ్ళను ‘ఇక్కడ ఇదివరకు ఏముండేది’ అని ముందే అడిగి ఉంటే మూడో బోరు అక్కడే పడేది. తర్వాతి పనికి ఈ ప్రశ్న మొదటి పేజీలో చేర్చాం.

మూడు గోతులూ 9 అడుగులకు దించి, గట్టినేల కనిపించాక, అదనపు రెండున్నర అడుగులు 1:4:8 (సిమెంటు, ఇసుక, కంకర) కాంక్రీటుతో నింపించాం. ఒక్కోదానికి 90 ఘనపు అడుగులు, మూడింటికి 270, అంటే దాదాపు 7.6 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు 3.4 బస్తాల లెక్కన 26 బస్తాలు. తవ్విన నల్లమట్టినే తిరిగి పోసి తొక్కించడం చవక. కానీ రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. మిగిలిన 12 ఫుటింగులు (కాలమ్ పాదాలు) కదలకుండా ఈ మూడే కదిలితే గోడలు ఐమూలగా చీలతాయి. ఇక్కడ పొదుపు చేయకూడదు.

ఖర్చు 38 వేలు, 3 రోజులు. నిల్వ: 2.62 లక్షలు, 25 రోజులు.

వారాలు 3–8

ఫుటింగులు, పెడెస్టల్స్, ప్లింత్ బీము (గోడలను మోసే నేలమట్టపు బీము), గ్రావెల్ ఫిల్లింగ్ అనుకున్నన్ని రోజుల్లోనే అయ్యాయి. గ్రావెల్ 6 అంగుళాల పొరలుగా పోసి, తడిపి, తొక్కించాం. ఉక్కు ఒకేసారి 8.5 టన్నులు కొనలేదు. పునాదికీ, మొదటి స్లాబుకూ కావలసినది తెచ్చి, రెండో స్లాబుది మాత్రం ధర ఖాయం చేసుకుని కొంత అడ్వాన్స్ ఇచ్చాం. వచ్చిన కడ్డీలు తూకం బిల్లుతో సరిపోయాయో లేదో లెక్కతో చూడాలి: మిల్లీమీటర్లలో వ్యాసాన్ని వ్యాసంతో గుణించి 162తో భాగిస్తే మీటరుకు కిలోలు. 12 మీటర్ల 8 ఎంఎం కడ్డీ 4.74 కిలోలు, 10 ఎంఎం 7.4, 12 ఎంఎం 10.67, 16 ఎంఎం 18.96. కడ్డీలు లెక్కపెట్టి గుణిస్తే టన్నుకు ఎన్ని కిలోల తేడా ఉందో పది నిమిషాల్లో తేలుతుంది. డబ్బు కారిపోయే చోట్లలో ఇది ఒకటి, ఎవరూ చూడరు.

వారం 11 (మార్చి 31 – ఏప్రిల్ 6): మొదటి స్లాబు

ఆదివారం ఉగాది, సోమవారం రంజాన్. కాంక్రీటు వాళ్ళు ఒకరోజు, రాడ్ బెండింగ్ వాళ్ళు ఇంకోరోజు ఉండరు. ఇది క్యాలెండర్‌లో ముందే ఉన్న సంగతి కాబట్టి నష్టం కింద రాయలేదు. ఆ రెండు రోజులూ చూసుకునే స్లాబు ఏప్రిల్ 3 గురువారానికి పెట్టాం.

స్లాబు 5 అంగుళాలు, 13.6 ఘనపు మీటర్లు. బీములు, సజ్జలతో కలిపి 20. ఎం20 రకం కాంక్రీటు, 1:1½:3 లెక్కన ఘనపు మీటరుకు 8 బస్తాలు, మొత్తం 160 బస్తాలు. ఒకసారికి ఒక బస్తా కలిపే మిల్లరుతో గంటకు 20 సార్లు కలిపితే 8 గంటలు. మిల్లరు మధ్యాహ్నం ఆగిపోతే సగం స్లాబు గట్టిపడి, మిగతా సగం మర్నాడు పోయాల్సి వస్తుంది. ఆ అతుకు దగ్గర ఎప్పటికైనా నీరు దిగుతుంది. అందుకని రెండో మిల్లరు, రెండో వైబ్రేటరు సైటులో ఉంచాం. అద్దె 5 వేలు. రెడీమిక్స్ అడిగాం. 6 ఘనపు మీటర్ల బండ్లు నాలుగు కావాలి, ప్లాంటు దగ్గర లోడు చేశాక 2 గంటల్లోపు పోసేయాలని రెడీమిక్స్‌కు భారత ప్రమాణం ఐఎస్ 4926 చెబుతుంది. వీధి 15 అడుగులే. పంపు బండి నిలిపితే ట్రాఫిక్ ఆగుతుంది. ఈ సైటుకు మిల్లరే సరి.

పోసేముందు చూసినవి: కడ్డీల కింద కవర్ బ్లాకులు 20 ఎంఎం, బీముకు 25, ఫ్యాన్ బాక్సులు నిర్ణయాల కాగితంతో పోల్చి ఒక్కొక్కటీ టిక్కు, పైపుల అతుకులకు సొల్యూషన్, స్లాబును కిందనుంచి మోసే సెంట్రింగ్ జాకీల కింద చెక్కముక్కలు. రెండు జాకీలు ఇటుకల మీద నిలబెట్టి ఉన్నాయి. తీయించాం. ఇటుక పగిలితే స్లాబు అక్కడ అంగుళం కుంగుతుంది, తర్వాత ప్లాస్టరింగ్‌తో కప్పాలి. ఆ ప్లాస్టరింగ్ ఖర్చు ఎవరి ఖాతాలోనూ కనిపించదు.

20 ఘనపు మీటర్లకు కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం 3 శాంపిళ్ళు. 28 రోజుల బలం పరీక్షకు ఒక్కోదానికి 3 ఘనాలు (క్యూబులు), 7 రోజుల పరీక్షకు ఇంకో మూడు. 7వ రోజు ఫలితం తక్కువగా వస్తే రెండో స్లాబు పోయకముందే మిశ్రమం సరిచేయవచ్చు. 28వ రోజుదాకా ఆగితే పైన కాలమ్‌లు లేచిపోయి ఉంటాయి.

వాడింది పీపీసీ (ఫ్లైయాష్ కలిపిన సిమెంటు, మెల్లగా గట్టిపడుతుంది), ఎండ ముదురుతోంది. అందుకని మడులు కట్టి రెండంగుళాల నీరు 14 రోజులు నిలపాలి. 1,150 చదరపు అడుగులకు 5,400 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకరు ఒకసారికి చాలదు. ఈ లెక్క ముందు వేయకపోతే మొదటిరోజే ఒక మూల ఎండిపోతుంది.

నిల్వ: 2.57 లక్షలు, 25 రోజులు.

వారం 14 (ఏప్రిల్ 21–27): మార్పు

ఏప్రిల్ 17 నాటికి 14 రోజులు నిండాయి. బీముల నిడివి 6 మీటర్ల లోపే కాబట్టి సెంట్రింగ్ విప్పవచ్చు. కానీ పై స్లాబు బరువు కింది స్లాబు మీదే పడుతుంది. షీట్లు తీసి, బీముల కింద, గదుల మధ్యన మళ్ళీ జాకీలు పెట్టించాం. సెంట్రింగ్ మేస్త్రీ అన్నీ పట్టుకుపోతానన్నాడు, 200 షీట్లకూ ఇంకో సైటు ఎదురుచూస్తోంది. జాకీలు ఎన్నాళ్ళు ఉండాలో మొదటే ఒప్పందంలో రాయడం ఇక్కడ పనికొచ్చింది.

ఇంటివాళ్ళు కింది వంటగది గోడ 2 అడుగులు హాలువైపు జరపమన్నారు. తూర్పున ఇంకో కిటికీ కావాలన్నారు. ‘నాలుగున్నర అంగుళాల గోడే కదా’ అనిపిస్తుంది. కానీ జరిపితే ఆ గోడ కింద ప్లింత్ బీము ఉండదు. గ్రావెల్ ఫిల్లింగ్ మీద నిలబడిన గోడ ఏడాదిలో కుంగి, స్లాబు కింద సన్నని చీలిక వేస్తుంది. కాబట్టి కొత్త చిన్న బీము వేయాలి. సింకు డ్రైన్ మార్చాలి. చిమ్నీ పాయింటు స్లాబులో వేసిన పైపుకు దూరమైంది, గోడలోనే వేరే పైపు పోవాలి. రోజుకు ఇద్దరు మేస్త్రీలు, ముగ్గురు కూలీలు పై కాలమ్‌ల పని వదిలి దీనికి దిగాలి.

మార్పు కాగితం ఒక పేజీ: ఏం మారుతుంది, 46 వేలు, 4 రోజులు, ఏ నిల్వలోనుంచి పోతుంది, సంతకం. సంతకం అయ్యేదాకా సైటులో ఎవరూ ఇటుక ముట్టరు. నోటిమాటతో మొదలైన మార్పుకు చివర్లో రెండు లెక్కలు వస్తాయి, మేస్త్రీదొకటి, ఇంటివాళ్ళదొకటి. అక్కడినుంచి మాటలు పడతాయి. గోడ జరిపించుకోవడం వాళ్ళ హక్కు, అది వాళ్ళ ఇల్లు. ధర చూశాక కూడా కావాలన్నారు, కిటికీ మాత్రం మానుకున్నారు. కిటికీ లెక్కలోంచి పోయింది. 46 వేలు గోడకే.

నిల్వ: 2.11 లక్షలు, 21 రోజులు.

వారం 16 (మే 5–11): సగం దారిలో లెక్క

ఈ వారానికి పట్టిక ప్రకారం 46 శాతం పని కావాలి. కొలిస్తే 39 శాతం. తేడా 7 శాతం అంతా ఒక్క రెండో స్లాబే. మే 8న పోయాల్సింది 15కు జరిగింది. గోతుల్లో పోయిన 3 రోజులు, గోడకు పోయిన 4 రోజులు, సరిగ్గా వారం.

ఖర్చు 20.6 లక్షలు. చేసిన పని విలువ 48 లక్షల్లో 39 శాతం, 18.72 లక్షలు. 18.72ను 20.6తో భాగిస్తే 0.909, అంటే పెట్టిన రూపాయికి దాదాపు 91 పైసల పని. ఈ లెక్కన, 48ని 0.909తో భాగిస్తే, ఇల్లు పూర్తయ్యేసరికి 52.8 లక్షలు. ఈ అంకె చూసి ఇంటివాళ్ళు కంగారుపడ్డారు, ఎవరైనా పడతారు.

కానీ ఆ 20.6లో 1.4 లక్షలు ఇంకా గోడల్లోకి వెళ్ళలేదు. టేకుకు, ఉక్కుకు ఇచ్చిన అడ్వాన్సులు, గోదాములో ఉన్న సిమెంటు అవి. అవి తీసేస్తే 19.2. అప్పుడు నిష్పత్తి 0.975, చివరి అంచనా 49.2 లక్షలు. వాడని మెటీరియల్ తీయకుండా ఈ లెక్క వేస్తే ముందుగా కొన్న జాగ్రత్తపరుడే దుబారా చేసినట్టు కనిపిస్తాడు. తీసేటప్పుడు కూడా సైటులో ఉన్నది స్వయంగా లెక్కపెట్టాలి, బిల్లు చూసి కాదు.

వారం వారం ఈ లెక్క అక్కర్లేదు. స్లాబులు, కట్టుబడి, ప్లాస్టరింగ్ ముగిసినప్పుడు చాలు.

వారం 19 (మే 26 – జూన్ 1)

నైరుతి ఈ ఏడాది మే 24కే కేరళ చేరింది, 2009 తర్వాత ఇంత త్వరగా రావడం ఇదే. పై స్లాబు మే 15న పడింది కాబట్టి తప్పించుకున్నాం. వారం తేడాలో ఆ స్లాబు నిల్వ రోజులన్నీ మింగేది.

వానకు ముందు ఏ పని ముగిసి తీరాలో ఆ పనిని వెనక్కి నెట్టకూడదు. పోలవరంలో కాఫర్ డ్యామ్‌లు (నీటిని మళ్ళించే తాత్కాలిక కట్టలు) పూర్తికాకుండానే గోదావరి వరద కాలంలోకి వెళ్ళడంతో ప్రధాన డ్యామ్ కింద ఊట ఆపే గోడ, డయాఫ్రమ్ వాల్, దెబ్బతింది, 2025 జనవరిలో కొత్త గోడ మొదలుపెట్టాల్సి వచ్చింది. ఒక ఇంటికీ ఆ ప్రాజెక్టుకూ పోలిక లేదు, కానీ పనుల వరస దెబ్బతింటే జరిగేది ఒకటే.

కట్టుబడి 5 రోజులు ఆగింది. అంతకుముందు రోజు కట్టిన గోడల మీద తార్పాలిన్ కప్పించాం. తాజా సిమెంటు కొట్టుకుపోయిన రెండు వరసలు విప్పించి మళ్ళీ కట్టించాం. గోడ రోజుకు 4 అడుగుల ఎత్తుకు మించనివ్వకపోవడం వాన రోజుల్లో ఇంకా ముఖ్యం. సింహద్వారం మే మూడో వారంలో నిలబడిపోయింది. ఈ వానల్లో ముహూర్తం ఉండి ఉంటే గోడ గుమ్మం కోసం ఆగేది.

తార్పాలిన్, నీళ్ళు తోడే మోటారు అద్దె 12 వేలు. నిల్వ: 1.99 లక్షలు, 16 రోజులు.

వారాలు 22–26 (జూన్ 16 – జూలై 20)

ప్లాస్టరింగ్. దానికి ముందు కరెంటు పైపులకు, నీళ్ళ పైపులకు గోడలు కొట్టాలి. ప్లంబరు, ఎలక్ట్రీషియన్ ఒకరి వెనక ఒకరు వస్తే ప్లాస్టర్ రెండుసార్లు పూడ్చాలి. కాబట్టి ఇద్దరి పనీ ముగిసి, పైపుల్లో నీళ్ళు నింపి ఒత్తిడి నిలిచిందని చూసి, ప్రతి గోడ ఫోటో తీసి, ఆ తర్వాతే తాపీ వాళ్ళను లోపలికి రానిచ్చాం. పక్కన టేపు పట్టుకుని తీసిన ఫోటో రేపు గోడకు మేకు కొట్టేవాళ్ళకూ దారి చూపుతుంది.

జూలైలో నాట్లు మొదలయ్యాయి. ప్లాస్టరింగ్ బృందంలో సగం మంది ఊళ్ళకు వెళ్ళారు. ఇది తెలిసిందే. రెండో బృందాన్ని ఒప్పించి పెట్టాం, రోజుకూలీ కాస్త ఎక్కువ. అయినా 6 రోజులు పోయాయి. బాత్రూంలలో వాటర్‌ప్రూఫింగ్ వేసి, 48 గంటలు నీళ్ళు నిలిపి, కింది స్లాబు అడుగు చూశాం. పై బాత్రూం పైపు చుట్టూ తడి కనిపించింది. పైపు, స్లాబు మధ్య సందు ఉత్త సిమెంటుతో పూడ్చారు, అది కుంచించుకుంది. కుంచించుకోని గ్రౌట్ పోయించి మళ్ళీ 48 గంటలు. టైల్ వేశాక ఇది కనిపిస్తే మొత్తం బాత్రూం పగలగొట్టాలి.

15 వేలు, 6 రోజులు. నిల్వ: 1.84 లక్షలు, 10 రోజులు.

వారం 30 (ఆగస్టు 11–17)

కృష్ణకు వరద, ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తారు. ఇసుక బండ్లు తగ్గాయి. సైటులో టైల్స్‌కు కావలసినదంతా జూన్‌లోనే దించి, కప్పి ఉంచాం. వానకు కొట్టుకుపోయింది, పక్కవాళ్ళ కుక్కలు, పిల్లలు చెల్లాచెదురు చేసింది, కప్పడానికి షీట్లు అన్నీ కలిపి 8 వేలు. రోజులేమీ పోలేదు. పదింట 5 వేసి, 60 వేలు, 10 రోజులు అనుకున్నది 8 వేలతో తీరింది.

నిల్వ: 1.76 లక్షలు, 10 రోజులు.

వారం 32 (ఆగస్టు 25–31)

యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కిటికీల్లో రెండు పట్టలేదు. కొలతలు ఇటుకగోడ మీద తీసుకున్నారు, ప్లాస్టర్ మందం 12 ఎంఎం రెండువైపులా కలిసి దాదాపు అంగుళం తగ్గింది. ‘కిటికీల కొలతలు లింటెల్‌కు ముందు’ అని మేమే రాసిన గడువులోనే లోపం ఉంది. ఖాళీ సైజు లింటెల్‌కు ముందు తేలాలి. ఫ్రేము కొలత మాత్రం ప్లాస్టర్ అయ్యాకే తీయాలి. ఒకే పేరుతో రెండు నిర్ణయాలను కలిపేశాం. పట్టికలో ఇప్పుడు రెండు వరసలు. 14 వేలు, 3 రోజులు.

హాల్లో 2×2 బదులు 4×2 టైల్స్ కావాలన్నారు. ఇంకా కొనలేదు కాబట్టి తేడా ధర 38 వేలు, కొత్త లోడు వచ్చేదాకా 4 రోజులు. సంతకం అయింది. పెద్ద టైలుకు కింద మట్టం తేడా ఉండకూడదు, పొర మందం పెరుగుతుంది, అదీ లెక్కలో వేశాం. వృథా 10 శాతం కలిపి, పెట్టెలన్నిటి మీదా ఒకే బ్యాచ్ నంబరు ఉందని దించేటప్పుడే చూశాం. తక్కువ పడితే తర్వాత అదే రంగు దొరకదు.

నిల్వ: 1.24 లక్షలు, 3 రోజులు.

వారం 36 (సెప్టెంబర్ 22–28)

సిమెంటుపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. 330 రూపాయల బస్తాలో పన్ను లేని ధర 258. కొత్త పన్నుతో 304. ప్రహరీకి ఇంకా 60 బస్తాలు కావాలి, కలిసొచ్చేది 1,560. మొత్తం ఇంటికి వర్తించి ఉంటే 26 వేలు. దాని కోసం పని ఆపుకుని ఉంటే సెంట్రింగ్ అద్దెకే అంతకు మించి పోయేది.

వారం 38 (అక్టోబర్ 6–12)

దసరా సెలవులు పట్టికలోనే ఉన్నాయి. లోపలి రంగులు, స్విచ్చులు, మోటారు పూర్తి. తాళాలు అక్టోబర్ 9న ఇచ్చాం. బయట రెండో కోటు రంగు ఆపమని చెప్పాం. ఈశాన్య రుతుపవనాలు ముందున్నాయి, తడిగోడ మీద రంగు పొక్కుతుంది. ఆ మొత్తం మేస్త్రీ బిల్లులోంచి తీసి వేరే ఉంచాం. మిగిలిన చిన్న పనుల జాబితా 23. ఒక్కోదానికి తేదీ, చేసేవాళ్ళ సంతకం. 5 శాతం నిలుపు అలాగే ఉంది.

అక్టోబర్ 30

మొంథా తుఫాను 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది. రెండు రోజుల వాన తర్వాత ఇల్లంతా తిరిగి చూశాం. పై బాత్రూం అడుగు పొడిగా ఉంది. కింది గదులు పొడి. మెట్లగది పైకప్పు, పారపెట్ (పిట్టగోడ) కలిసే అతుకు దగ్గర అరచేతి మేర చెమ్మ. అతుకు దగ్గర గుండ్రంగా తీర్చాల్సిన సిమెంటు వాలు ఆరు అంగుళాల మేర పలచగా ఉంది. ఎండ రెండు రోజులు కాయనిచ్చి, గీకి, మళ్ళీ వేసి, 24 గంటలు తడిపి చూడాలి. ఈ పనికి మేస్త్రీకి కొత్త డబ్బు లేదు, నిలుపులోంచే. గృహప్రవేశానికి ముందు శనివారం అయిపోతుంది.